బి-ఫారం చేతికి రాకముందే మీ పాత పోస్టులు మీరే తవ్వుకోవడం ఎలా?

మాకు తెలిసిన ఒకాయన ఎంపీటీసీ టికెట్ కోసం మూడేళ్లు తిరిగాడు. జెండా మోశాడు, ఫ్లెక్సీలు కట్టించాడు, ఊళ్లో ఏ పెళ్లికీ ఏ చావుకూ వెళ్లకుండా ఉండలేదు. పేరు ఖాయమైందని కబురొచ్చిన సాయంత్రమే పార్టీ ఇన్‌చార్జి ఫోనుకు ఒక స్క్రీన్‌షాట్ చేరింది. ఐదేళ్ల కిందట ఇదే పార్టీ అధినేతను ఈయన ఫేస్‌బుక్‌లో తిట్టిన తిట్లు అందులో ఉన్నాయి. అప్పట్లో ఈయన వేరే కండువాలో ఉన్నాడని అందరికీ తెలుసు. అయినా తెలిసిన సంగతి వేరు, నలుగురి ముందు చదివి వినిపించడం వేరు. రాత్రి పదిన్నరకు నాకు ఫోన్ చేసి, "తమ్ముడూ, అది ఎట్లా తీసేయాలి?" అని అడిగాడు. తీసేసినా లాభం లేని వేళ అది.

ఆ స్క్రీన్‌షాట్ పంపింది ఎదుటి పార్టీ వాళ్లు కాదు. అదే టికెట్ ఆశించిన సొంత పార్టీ మనిషే. కింద చెప్పబోయే పనులన్నీ ఈ సంగతి మనసులో పెట్టుకుని చేయండి. ఎదుటి పార్టీకి మీరు అభ్యర్థి అయ్యాకే మీ మీద ఆసక్తి పుడుతుంది. మీ పక్కన కూర్చుని టీ తాగే ఆశావహుడికి మూడేళ్ల నుంచీ ఉంది. పైగా మీ ఫ్రెండ్స్ లిస్టులో ఉన్నాడు, మీ వాట్సాప్ స్టేటస్ రోజూ చూస్తున్నాడు.

ఎంపీటీసీ, జడ్పీటీసీ, కౌన్సిలర్, కార్పొరేటర్, ఇంకా పైస్థాయి ఏదైనా పార్టీ గుర్తు మీద నిలబడాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కాబట్టి అక్కడ బి-ఫారం (ఈయనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం) గొడవ లేదు. కానీ "ఫలానా పార్టీ మద్దతు ఉన్న అభ్యర్థి" అనే మాట ఊళ్లో ఎలాగూ తిరుగుతుంది. అందుకని మీరూ చదవండి.

ముందు గడువు తెలుసుకోండి

అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటలలోపు బి-ఫారం రిటర్నింగ్ అధికారికి అందాలి. ఆ ఫారంలో మీ పేరు కింద ప్రత్యామ్నాయ అభ్యర్థి పేరు రాయడానికీ చోటుంటుంది. ఇచ్చిన బి-ఫారంను పార్టీ రద్దు చేసి ఇంకొకరికి ఇవ్వాలన్నా ఆ గడువులోపే ఇవ్వాలి. స్థానిక ఎన్నికల్లో ఈ గడువు రాష్ట్ర ఎన్నికల సంఘం ఇచ్చే షెడ్యూలును బట్టి ఉంటుంది. నోటిఫికేషన్ రాగానే ఆ తేదీ, ఆ గంట కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

మీ పాత పోస్టుకు ఆ గంట వరకు ఒక విలువ, దాటాక ఇంకో విలువ. గడువులోపు బయటపడితే మీ టికెట్ పోతుంది. తర్వాత బయటపడితే టికెట్ ఉంటుంది, గుర్తు ఉంటుంది, పార్టీ మాత్రం మీ వెంట ఉండకపోవచ్చు. బ్రిటన్‌లో 2024 ఫిబ్రవరిలో రోచ్‌డేల్ ఉప ఎన్నికలో అదే జరిగింది. లేబర్ అభ్యర్థి అజర్ అలీ ఇజ్రాయెల్ గురించి ఒక మీటింగులో మాట్లాడిన ఆడియో నామినేషన్ల గడువు దాటాక బయటికొచ్చింది. పార్టీ మద్దతు వెనక్కి తీసుకుంది కానీ బ్యాలెట్ మీద ఆయన పేరు పక్కన లేబర్ పేరు అలాగే మిగిలింది. సీటు ఇంకో పార్టీ అభ్యర్థి జార్జ్ గాలోవేకు పోయింది. అది ఆన్‌లైన్ పోస్టు కాదులెండి, కానీ గడువు ఎంత పని చేస్తుందో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

టికెట్ అడగాలని మనసులో అనుకున్న రోజే ఈ పని మొదలుపెట్టండి. కనీసం నెల రోజులు చేతిలో ఉండాలి.

ఒక నోట్‌బుక్ కొని అకౌంట్లన్నీ రాయండి

ఫోన్లో రాసుకోవద్దు. ఎన్నికల్లో మీ ఫోన్ డ్రైవర్ చేతిలో, బావమరిది చేతిలో, బూత్ కుర్రాడి చేతిలో తిరుగుతూనే ఉంటుంది.

ఫేస్‌బుక్ ప్రొఫైల్, దానికి వేరుగా పేజీ, ఎక్స్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, షేర్‌చాట్, టెలిగ్రామ్, కోరా, ఇవన్నీ ఒక్కొక్కటి ఒక్కో పేజీలో రాయండి. మర్చిపోయిన అకౌంట్లే అసలు ప్రమాదం. కాలేజీలో ఉన్నప్పుడు హీరో పేరు తగిలించుకుని తెరిచిన ఐడీ, పాస్‌వర్డ్ పోయిందని వదిలేసి కొత్తది తెరిచిన పాత ప్రొఫైల్, ఉద్యమం రోజుల్లో నలుగురు కలిసి నడిపిన గ్రూపు, వీటి కోసం ఒక సాయంత్రం కేటాయించండి. పాత స్నేహితులకు ఫోన్ చేసి "అప్పట్లో నా ఐడీ ఏంట్రా?" అని అడిగితే గుర్తు చేస్తారు. టిక్‌టాక్‌ను మన దేశంలో 2020 జూన్‌లో నిషేధించారు కదా, ఇక భయం లేదనుకోకండి. ఆ వీడియోలు డౌన్‌లోడై వాట్సాప్‌లో ఇంకా తిరుగుతున్నాయి.

అసెంబ్లీ, లోక్‌సభ అభ్యర్థులకు ఇంకో కారణం కూడా ఉంది. 2013 అక్టోబర్‌లో ఎన్నికల సంఘం ఇచ్చిన ఆదేశాల ప్రకారం నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో మీ సోషల్ మీడియా అకౌంట్ల వివరాలు రాయాలి. అంటే మీ ఐడీలు వెతుక్కునే శ్రమ ఎవరికీ ఉండదు, మీరే రాసిస్తారు.

అన్నీ చదవడం కుదరదు, ఆవేశం వచ్చిన తేదీలు చదవండి

పదేళ్ల పోస్టులు కూర్చుని చదవాలంటే ఎవరి వల్లా కాదు. మామూలు రోజుల్లో మనం పెట్టేవి శుభోదయాలు, పుట్టినరోజు కేకులు, తిరుపతి ఫొటోలు. నోరు జారేది కొన్ని రోజుల్లోనే. మన రెండు రాష్ట్రాల్లో ఆ రోజులు ఏవో అందరికీ తెలిసినవే.

2013 జులై 30న తెలంగాణ ఏర్పాటుకు కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ ఒప్పుకున్న రోజు నుంచి 2014 జూన్ 2 వరకు ఒక్క వారం కూడా వదలొద్దు. అటువాళ్లు ఇటువాళ్లను, ఇటువాళ్లు అటువాళ్లను అన్న మాటలు ఆ పది నెలల్లో ఉన్నన్ని ఇంకెప్పుడూ లేవు. ఆ తర్వాత 2016 నవంబర్ 8 నోట్ల రద్దు. 2018 మార్చిలో టీడీపీ ఎన్డీఏ నుంచి బయటికొచ్చిన రోజులు, ప్రత్యేక హోదా గొడవ. 2019 ఏప్రిల్ 11 పోలింగ్‌కు ముందూ వెనకా రెండేసి నెలలు. అదే ఏడాది డిసెంబర్‌లో మూడు రాజధానుల ప్రకటన, అదే నెలలో పౌరసత్వ సవరణ చట్టం. 2020లో సాగు చట్టాలు. 2023 సెప్టెంబర్ 9న చంద్రబాబు అరెస్టు. 2023 నవంబర్ 30 తెలంగాణ పోలింగ్. 2024 మే 13 పోలింగ్, జూన్ 4 ఫలితాలు. వీటికి మీ ఊరి తేదీలు కలుపుకోండి: విగ్రహం గొడవ జరిగిన రోజు, భూసేకరణ నోటీసు వచ్చిన రోజు, రెండు కులాల మధ్య మాటా మాటా పెరిగిన జాతర.

సినిమా విడుదల తేదీలూ చూడండి, నవ్వకండి. హీరోలు పార్టీలు పెట్టే చోట మనం బతుకుతున్నాం. 2014 మార్చిలో జనసేన పుట్టకముందు ఫ్యాన్ వార్‌లో ఎవరో కుర్రాడు పవన్ కల్యాణ్ మీద పెట్టిన మీమ్, అప్పటికి సినిమా సంగతి. 2024లో కూటమి తరఫున టికెట్ అడిగేనాటికి అది రాజకీయం.

వెతికే తీరు

ఫేస్‌బుక్‌లో యాక్టివిటీ లాగ్ తెరిస్తే మీరు పెట్టిన పోస్టులు, చేసిన కామెంట్లు, కొట్టిన లైకులు వేరువేరుగా, ఏడాదివారీగా కనిపిస్తాయి. పోస్టులకన్నా కామెంట్లు ముందు చూడండి. పోస్టు పెట్టేటప్పుడు మనిషి కాస్త ఆలోచిస్తాడు, ఎవరో రెచ్చగొడితే కింద కామెంట్ కొట్టేటప్పుడు ఆలోచించడు. ఎక్స్‌లో అడ్వాన్స్‌డ్ సెర్చ్ పేజీకి వెళ్లి మీ ఐడీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది ఇస్తే ఆ రోజుల ట్వీట్లు మాత్రమే వస్తాయి. యూట్యూబ్ కామెంట్లు గూగుల్ అకౌంట్‌లోని మై యాక్టివిటీలో ఉంటాయి. మొత్తం డేటా డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఈ మూడింటిలోనూ ఉంది. అడిగిన వెంటనే రాదు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పడుతుంది. కాబట్టి మొదటి రోజే అడిగి పెట్టుకోండి.

ఇక ఏ మాటతో వెతకాలి? నాయకుల అసలు పేర్లతో వెతికితే మీకు దొరికేవన్నీ జన్మదిన శుభాకాంక్షలే. తిట్టేటప్పుడు ఎవరూ అసలు పేరు రాయరు. మీ సర్కిల్లో ఆ నాయకుడికి పెట్టుకున్న ఎగతాళి పేరు, ఇంటిపేరును విరిచి చేసిన పేరు, కులం పేరు, "ఆ ముసలాయన", "చిన్నదొర" లాంటి మాటలు, వీటితో వెతకండి. ప్రతి మాటనూ రెండు రకాలుగా కొట్టండి, తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల తెలుగులో ఒకసారి. ఇంగ్లిష్ అక్షరాల్లో మనం ఒక్క మాటను నాలుగు స్పెల్లింగుల్లో రాస్తాం కాబట్టి నాలుగూ కొట్టాలి. 2015కు ముందు పోస్టులు ఎక్కువగా ఈ రెండో రకంలోనే ఉంటాయి, అప్పటికి ఫోన్లలో తెలుగు కీబోర్డు అందరికీ అలవాటు కాలేదు.

ఫొటో మీద రాసిన అక్షరాలు ఇలా వెతికితే చాలాసార్లు దొరకవు. మీమ్‌లు, కార్టూన్లు, పేపర్ కటింగులు కళ్లతో చూడాల్సిందే. మిమ్మల్ని ఎవరో ట్యాగ్ చేసినవీ అంతే. ఈ పనికి మీ ఇంట్లో పాతికేళ్లలోపు పిల్ల ఎవరైనా ఉంటే కూర్చోబెట్టండి, రెండు పూటల్లో అయిపోతుంది. పార్టీ సోషల్ మీడియా కుర్రాళ్లకు మాత్రం అప్పగించకండి. వాళ్లలో ఆశావహుడి మనిషి ఎవరో మీకు తెలియదు.

లైకుల సంగతి. ఎక్స్‌లో 2024 జూన్ నుంచి ఎవరు ఏది లైక్ చేశారో బయటివాళ్లకు కనిపించడం లేదు. అంతకుముందు అందరికీ కనిపించేది. బ్రిటన్‌లో సరిగ్గా ఆ మార్పుకు కొద్ది రోజుల ముందే, 2024 మే చివరలో, చింగ్‌ఫర్డ్ అండ్ వుడ్‌ఫర్డ్ గ్రీన్ లేబర్ అభ్యర్థి ఫైజా షహీన్‌ను పార్టీ తప్పించింది. ఆమె మీద పెట్టిన ఆరోపణల్లో పాత పోస్టులను లైక్ చేయడం కూడా ఉంది. ఆమె ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు, ఓట్లు చీలాయి, కన్జర్వేటివ్ అభ్యర్థి గెలిచారు. ఒక్క వేలితో నొక్కిన లైకు కూడా మీ మాటే అని పార్టీ అనుకోవచ్చన్నమాట.

వాట్సాప్ గురించి రెండు మాటలు. గ్రూపులో పంపిన మెసేజ్‌ను అందరి ఫోన్ల నుంచీ తీసేయడానికి ఉండే గడువు రెండున్నర రోజులే. అది దాటాక మీ ఫోన్లో తీసేస్తే మీకు మాత్రమే కనపడదు. ఎన్ని గ్రూపుల్లో ఏం అన్నారో చూసి నోట్‌బుక్‌లో రాసుకోవడం తప్ప అక్కడ చేయగలిగింది లేదు.

దొరికినవాటిని మూడు కుప్పలు చేయండి

అన్నీ ఒకే రకం తప్పులు కావు. వాటికి ఒకే రకం జవాబు పనికిరాదు.

మొదటి కుప్పలో పార్టీయే మాట మార్చినవి పడతాయి. మన దగ్గర పెద్ద కుప్ప ఇదే. మీరు నిలబడ్డ చోటే నిలబడ్డారు, పార్టీ కదిలింది. 2018లో మోదీ ప్రభుత్వం మీద అవిశ్వాసం పెట్టిన టీడీపీ 2024 మార్చిలో మళ్లీ ఎన్డీఏలో చేరింది. 2018, 2019ల్లో పార్టీ చెప్పినట్టే పోస్టులు పెట్టిన కార్యకర్త ఇప్పుడు కక్కలేడు, మింగలేడు. 2017 రాష్ట్రపతి ఎన్నికల్లో ఎన్డీఏ అభ్యర్థి రామ్‌నాథ్ కోవింద్‌కు మద్దతిచ్చిన టీఆర్‌ఎస్, 2022లో ప్రతిపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హాకు ఇచ్చింది. 2014లో ప్రతిపక్ష నేతగా అసెంబ్లీలో విజయవాడ ప్రాంతంలో రాజధానిని స్వాగతించిన జగన్, ముఖ్యమంత్రిగా 2019లో మూడు రాజధానులన్నారు. అప్పట్లో అమరావతిని పొగిడిన వైసీపీ కార్యకర్త పోస్టు ఐదేళ్లకే పార్టీకి ఎదురు మాట అయింది. ఈ కుప్పలో ఉన్నవాటికి మీరు సిగ్గుపడాల్సిన పని లేదు. తేదీ చెబితే చాలు: "అది 2018లో మా పార్టీ చెప్పిన మాట. అప్పుడు పార్టీతోనే ఉన్నాను, ఇప్పుడూ పార్టీతోనే ఉన్నాను." ఇంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడినా అధిష్ఠానానికి కోపం వస్తుంది.

రెండో కుప్ప, మీరు మారినవి. కండువా మార్చినవాళ్ల పోస్టులన్నీ ఇక్కడికే వస్తాయి. విధానం మీద విమర్శ అయితే సర్దుకోవచ్చు, మనిషిని తిట్టి ఉంటే సర్దుకోవడం కష్టం. "ఆ పథకం దండగ" అన్నవాడిని పార్టీ క్షమిస్తుంది. నాయకుడి ఇంట్లో ఆడవాళ్లను లాగినవాడిని నాయకుడు క్షమించినా కార్యకర్తలు క్షమించరు. నా లెక్కలో అలాంటి పోస్టు ఉన్నవాళ్లు ఆ విడత టికెట్ అడక్కపోవడమే మేలు.

మూడో కుప్ప చిన్నదే కానీ ఎక్కువ ఆలోచించాల్సింది. పార్టీ విధానానికి మీ పాత మాట విరుద్ధం, ఇప్పటికీ మీరు అదే నమ్ముతున్నారు. ఉదాహరణకు మీ ఊరి మీదుగా వచ్చే ప్రాజెక్టు వద్దని మీరు రాశారు, పార్టీ కావాలంటోంది. దీన్ని రెండో కుప్పలో కలిపేసి "అప్పుడు తెలియక రాశాను" అనకండి. మీ ఊరి వాళ్లకు మీరు తెలిసే రాశారని తెలుసు. ముందే ఇన్‌చార్జితో కూర్చుని, "అన్నా, ఈ ఒక్క విషయంలో నా మాట వేరు. ప్రచారంలో నేను ఎత్తను, అడిగితే మాత్రం కాదనను" అని ఒప్పించుకోండి. ఒప్పుకోకపోతే అప్పుడే తెలిసిపోవడం మంచిదేగా.

కెనడాలో 2015 ఎన్నికల ముందు మూడో కుప్ప లాంటి కేసే ఒకటి జరిగింది. కింగ్స్-హాంట్స్ నియోజకవర్గంలో ఎన్డీపీ (న్యూ డెమొక్రటిక్ పార్టీ) అభ్యర్థి మోర్గాన్ వీల్డన్ ఇజ్రాయెల్ మీద ఫేస్‌బుక్‌లో రాసిన పాత మాటలు ఆగస్టులో బయటపడ్డాయి. అవి పార్టీ విధానానికి సరిపోవని చెప్పి పార్టీ ఆయన్ని తప్పించింది. అదే నెల అదే దేశంలో కాల్గరీ నోస్ హిల్ లిబరల్ అభ్యర్థి ఆలా బుజ్రేబా, టీనేజీలో పెట్టిన ట్వీట్ల వల్ల తప్పుకున్నారు. అప్పటికి ఆమె వయసు 21. ఒకరిది అభిప్రాయం, ఇంకొకరిది చిన్నతనపు దురుసు, ఫలితం మాత్రం ఒకటే. అంత దూరం ఎందుకు, పదేళ్ల కిందటి మన పిల్లల మాటలు తవ్వితే ఎంతమంది మిగులుతారు? ఈ విషయంలో కెనడా పార్టీలు మరీ తొందరపడ్డాయని నా అభిప్రాయం.

తీసేయాలా, ఉంచాలా?

అందరూ మొదట అడిగేది ఇదే. నేను ఇంతదాకా ఆగింది కావాలనే.

మన దేశంలోనే ఒక ఉదాహరణ చూడండి. 2014లో బీజేపీ నాయకుడు తేజస్వీ సూర్య మోదీ ప్రభుత్వ ఎజెండాను మెచ్చుకుంటూ, పార్లమెంటులో మహిళా రిజర్వేషన్ మాత్రం తనకు నచ్చలేదన్నట్టు ట్వీట్ చేశారు. ఆ ఏడాది బీజేపీ మేనిఫెస్టోలో 33 శాతం మహిళా రిజర్వేషన్ హామీ ఉంది. 2019 మార్చిలో బెంగళూరు దక్షిణ లోక్‌సభ స్థానానికి ఆయన పేరు ప్రకటించగానే ఆ ట్వీట్ పైకి తేలింది. దాన్ని తీసేశారు. తీసేసినా స్క్రీన్‌షాట్ తిరుగుతూనే ఉంది, తీసేశారన్నది ఇంకో వార్త అయింది. ఎన్నికలో ఆయన గెలిచారు, అది వేరే సంగతి. గెలిచిన ఏడేనిమిదేళ్లకు కూడా ఆ ట్వీట్ గురించి నాలాంటివాడు రాస్తూనే ఉన్నాడు, చూశారుగా.

నేను పాటించే లెక్క ఇది. మనిషిని, కులాన్ని, మతాన్ని, ఆడవాళ్లను కించపరిచినవి తీసేయండి. దొరకకూడదని కాదు, అవి అక్కడ ఉన్నంతకాలం ఎవరో ఒకరిని నొప్పిస్తూనే ఉంటాయి కాబట్టి. విధానం మీద రాసిన విమర్శ ఉంచేయండి, తీస్తే దొంగతనం చేసినట్టు కనిపిస్తారు. మధ్యరకం వాటిని తీయకముందు లింకు, తేదీ, మొత్తం సంభాషణ మీరే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. రేపు ఎవరో నాలుగు మాటలు కత్తిరించి తిప్పితే, ముందూ వెనకా ఏముందో చూపించడానికి మీ దగ్గర ఆధారం ఉండాలి.

తీసేటప్పుడు అన్నీ ఒకే రాత్రి తీయకండి. నామినేషన్‌కు వారం ముందు మీ ప్రొఫైల్ అకస్మాత్తుగా ఖాళీ అయితే అదే ప్రచారం అవుతుంది. ఫేస్‌బుక్‌లో పాత పోస్టులన్నిటినీ ఒక్క నొక్కుతో ఫ్రెండ్స్‌కు మాత్రమే కనిపించేలా చేసే సెట్టింగు ఉంది. చాలామంది అది నొక్కి హమ్మయ్య అనుకుంటారు. మన ఆశావహుడు ఉన్నది ఆ ఫ్రెండ్స్‌లోనే.

పోస్టు మీద అప్పటికే పోలీసు కేసో ఫిర్యాదో ఉంటే ఏదీ ముట్టుకోకండి. సాక్ష్యం మాయం చేశారనే ఇంకో నేరం నెత్తిన పడుతుంది. వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టారనే సెక్షన్, పాత ఐపీసీలో 153ఏ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 196. పోస్టు ఎప్పటిదన్నదాన్ని బట్టి పాతదా కొత్తదా తేలుతుంది. 153ఏ కింద శిక్ష పడితే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 8 ప్రకారం అసెంబ్లీ, లోక్‌సభ పోటీకే అనర్హులవుతారు. కేసు పెండింగ్‌లో ఉంటే అఫిడవిట్‌లో రాయాలి. దాస్తే సెక్షన్ 125ఏ కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది. ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది కాబట్టి దాని కింద పెట్టిన పాత కేసు ఉంటే ఇప్పుడు ఏ స్థితిలో ఉందో వకీలును అడిగి కాగితం తెచ్చుకోండి. ఇవి వాట్సాప్‌లో అడిగి తెలుసుకునే విషయాలు కావు. ఫీజు ఇచ్చి వకీలు దగ్గర గంట కూర్చోండి.

ఇన్‌చార్జికి మీరే చెప్పండి

నోట్‌బుక్‌లో తేలిన వాటిల్లో బయటపడితే పార్టీకి తలనొప్పి అయ్యేవి నాలుగో ఐదో ఉంటాయి. వాటిని ఒక తెల్ల కాగితం మీద రాయండి: తేదీ, ఎక్కడ పెట్టారు, ఏమన్నారు, ఇప్పుడేమంటారు. ఒక్క పేజీ దాటొద్దు. ఆ కాగితంతో ఒంటరిగా వెళ్లి కలవండి. "అన్నా, రేపు ఎవరైనా నీకు ఇవి పంపిస్తారు. నా నోటితో ముందే వినాలని తెచ్చాను" అని చెప్పండి.

ఇలా చెప్పడానికి గుండె ధైర్యం కావాలి, ఒప్పుకుంటాను. చెప్తే టికెట్ పోతుందేమో అనే టెన్షన్ ఉంటుంది. ఒక్కోసారి పోతుంది కూడా. కానీ స్క్రీన్‌షాట్ పంపేవాడి బలమంతా అది కొత్త సంగతి కావడంలోనే ఉంది. ఇన్‌చార్జి ఆ మెసేజ్ చూసి "ఇది నాకు తెలుసులే" అన్నాడంటే, పంపినవాడి మీదే ఆయనకు అనుమానం మొదలవుతుంది. మొదట చెప్పిన మావాడు ఈ ఒక్క పని చేసి ఉంటే గట్టెక్కేవాడని ఇప్పటికీ అనుకుంటాను.

ఇన్‌చార్జికి చెప్పమన్నాను కదా అని ఫేస్‌బుక్ లైవ్ పెట్టి లోకానికంతా చెప్పకండి. అడగని సంజాయిషీ ఇస్తే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంటుంది.

బయటపడ్డ రోజు

జవాబు ముందే రాసి పెట్టుకోవాలి. ఆ రోజు రాయడానికి కూర్చుంటే కోపంలో ఇంకో పోస్టు అవుతుంది. నాలుగు వాక్యాలు చాలు. ఆ మాట నాదే. ఫలానా ఏడాది, ఫలానా సందర్భంలో అన్నాను. తప్పు అయితే ఎవరిని అన్నారో వాళ్ల పేరు చెప్పి క్షమాపణ, మారిన అభిప్రాయం అయితే ఏం చూసి మారారో ఒక్క కారణం. ఇక దీని మీద మాట్లాడను. "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే" అనే మాట మాత్రం వాడొద్దు. దెబ్బతిన్నాయి కాబట్టే మీరు మాట్లాడుతున్నారు. "నా అకౌంట్ హ్యాక్ అయింది" అనేది అంతకన్నా పాత కథ, మూడేళ్లు హ్యాకర్ చేతిలో ఉన్న అకౌంట్‌లో మీ కూతురి ఓణీల ఫంక్షన్ ఫొటోలు ఎలా వచ్చాయని అడుగుతారు.

విలేకరులకు ఇచ్చే మాట, ఫేస్‌బుక్‌లో పెట్టే మాట, గడప గడపకు వెళ్లినప్పుడు చెప్పే మాట ఒకటే ఉండాలి. కింద కామెంట్లకు జవాబివ్వకండి, మీ తరఫున కుర్రాళ్లను కొట్లాటకు దింపకండి.

స్క్రీన్‌షాట్ నకిలీదైతే కూడా వెంటనే "ఫేక్" అని అరవకండి. ముందు మీ నోట్‌బుక్ చూడండి. నిజంగా మీది కాదని తేలాకే మాట్లాడండి. ఒకసారి ఫేక్ అని, తర్వాత నిజమని తేలితే ఇక మీరు ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. నకిలీ అయితే "ఈ పోస్టు లింకు ఇవ్వండి" అని అడగడం మొదటి మెట్టు, స్క్రీన్‌షాట్ తయారు చేసినవాడు లింకు తయారు చేయలేడు. తీసేశాడు కాబట్టి లింకు లేదు అంటారా, అప్పుడు మీరు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న డేటాలో ఆ తేదీ చూపించండి. తర్వాత రిటర్నింగ్ అధికారికి, సైబర్ క్రైమ్ పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. డీప్‌ఫేక్ వీడియోల విషయంలో, తమ దృష్టికి వచ్చిన 3 గంటల్లోపు పార్టీలు వాటిని తొలగించాలని ఎన్నికల సంఘం 2024 మే 6న చెప్పింది. ఎదుటి పార్టీ పేజీలో అలాంటిది కనిపిస్తే ఫిర్యాదులో ఆ తేదీ ప్రస్తావించండి.

ఇలాంటివి ఎక్కువగా వచ్చేది చివరి రెండు రోజుల్లో. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికల్లో పోలింగ్ ముగిసే గంటకు ముందు 48 గంటలు ప్రచారం ఆపేయాలి. మీటింగ్ పెట్టలేరు, మైకు పట్టలేరు. మీ జవాబు ఊరూరా చేరే దారి మూసుకుపోయాక స్క్రీన్‌షాట్ బయలుదేరుతుంది. అందుకే బూత్‌కు ఒకరు చొప్పున మీరు నమ్మే మనిషికి ముందే విషయం చెప్పి ఉంచండి. ఎవరైనా అడిగితే వాళ్ల నోటి నుంచి మీ నాలుగు వాక్యాలే రావాలి.

చివరగా చిన్న పని. మీ పేజీకి అడ్మిన్లు ఎవరెవరో చూడండి. రెండు ఎన్నికల కిందట పేజీ తెరిచిన మేనల్లుడు, ఫ్లెక్సీ షాపు కుర్రాడు, పాత పార్టీ సోషల్ మీడియా కన్వీనర్ ఇంకా అందులో ఉండే ఉంటారు. వాళ్లను తీసేసి పాస్‌వర్డ్ మార్చండి. ఆశావహుడిని మాత్రం ఫ్రెండ్స్ లిస్టు నుంచి తీయకండి, తీసిన పూటే ఆయనకు తెలిసిపోతుంది. నామినేషన్ రోజు మీ పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టమని ఆయన్నే అడగండి.